తెరుచుకోని తలుపుకు సాక్షి ఎవరు?

2025 డిసెంబరు మొదటి వారంలో ముస్లిం సమాజం ఒక విచిత్రమైన తలుపు ముందు నిలబడింది. ఆ తలుపుకు గడియ లేదు, తాళం లేదు, కాపలాదారు లేడు. కంప్యూటర్ తెర మీద ఒక చిన్న చక్రం మాత్రం తిరుగుతూ ఉండేది. నాంపల్లి హజ్ హౌస్ మొదలుకొని మండల కేంద్రాల్లోని ఇంటర్నెట్ సెంటర్ల దాకా, తాతల నాటి ఉర్దూ, ఫార్సీ దస్తావేజులను ప్లాస్టిక్ సంచుల్లో పెట్టుకొని ముతవల్లీలు, మసీదు కమిటీల పెద్దలు ఆ చక్రం ఆగడం కోసం ఎదురుచూశారు. గడువు డిసెంబరు 5తో ముగిసింది. ఆ మర్నాడు పోర్టల్ మూతపడింది.

జరిగిన సంగతిని క్రమంగా గుర్తు చేసుకుందాం. వక్ఫ్ సవరణ చట్టం 2025 ఏప్రిల్ 8న అమలులోకి వచ్చింది. దేశంలోని వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ ఆరు నెలల్లోగా కేంద్ర పోర్టల్‌లో నమోదు కావాలని ఆ చట్టంలోని 3బి సెక్షన్ నిర్దేశించింది. అందుకోసం ‘ఉమీద్’ పోర్టల్‌ను జూన్ 6న ప్రారంభించారు. ముతవల్లీ వివరాలు ఎక్కించాలి, వక్ఫ్ బోర్డు పరిశీలించాలి, ప్రభుత్వం నియమించిన అధికారి ఆమోదించాలి. ఇదీ మూడంచెల పద్ధతి. గడువు ముగిసేసరికి 5,17,040 ఆస్తుల నమోదు మొదలయిందని, అందులో 2,16,905 ఆమోదం పొందాయని, 2,13,941 పరిశీలనలో ఉన్నాయని, 10,869 తిరస్కరణకు గురయ్యాయని కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ స్వయంగా ప్రకటించింది. ఈ అంకెలను కూడితే ఇంకా 75 వేలకు పైగా ఆస్తుల లెక్క తేలదు. నమోదు మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయినవి అవి. అసలు మొదలే కానివి ఈ లెక్కలోకే రావు.

ఎందుకు ఆగిపోయాయి? పత్రాలు సరిగా లేక కొన్ని, కమిటీల అలసత్వం వల్ల కొన్ని, పోర్టల్ మొరాయించడం వల్ల కొన్ని. ఏది ఎంత అని ఇవాళ ఎవరైనా అడిగితే మన దగ్గర సమాధానం లేదు. పోర్టల్ ఎన్ని గంటలు పనిచేయలేదు, ఏ రోజుల్లో పనిచేయలేదు, ఏ వేళల్లో పనిచేయలేదు అన్న సమాచారం దాన్ని నడిపేవారి సర్వర్లలో ఉంది. మన దగ్గర ఉన్నది ఆవేదన. ఆవేదన నిజమే కావచ్చు, కానీ అది సాక్ష్యం కాదు. ఈ నెల మేము చర్చకు పెడుతున్న విషయం ఇదే.

మాదాపూర్‌లో మేల్కొని ఉన్న కళ్లు

నాంపల్లిలో ముతవల్లీలు తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చున్న వేళకే, అదే నగరంలోని మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ భవనాల్లో మరో రకం మనుషులు తెరల ముందు కూర్చొని ఉన్నారు. 1998 నవంబరులో నాటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటి నుంచి ఈ పాతికేళ్లకు పైగా అక్కడ పెరిగిన ఉద్యోగాల్లో ఒకటి, ప్రపంచం నలుమూలలా ఉన్న వెబ్‌సైట్లు బతికి ఉన్నాయో లేదో కనిపెట్టి ఉండడం. అమెరికాలో ఒక బ్యాంకు లాగిన్ పేజీ నిమిషం పాటు తెరుచుకోకపోతే హైటెక్ సిటీలో ఒక కుర్రవాడి ఫోను మోగుతుంది. అతడు లేవకపోతే అతడి పై అధికారి ఫోను మోగుతుంది. ఎన్ని నిమిషాలకు మరమ్మతు అయింది, ఎందుకు ఆగింది అన్నది తెల్లవారేసరికి నివేదికగా మారుతుంది. టోలిచౌకి నుంచి, మెహిదీపట్నం నుంచి, పాతబస్తీ గల్లీల నుంచి రాత్రి షిఫ్టుకు క్యాబ్ ఎక్కే మన పిల్లల్లోనూ ఈ పని చేసేవారు ఉన్నారు.

ఆ పనిలో మాయ ఏమీ లేదు. ఒక చిన్న ప్రోగ్రాము ప్రతి ఐదు నిమిషాలకు ఒకసారి వెబ్‌సైటు తలుపు తడుతుంది. అంటే రోజుకు 288 సార్లు. తలుపు తెరుచుకుంటే సర్వరు 200 అనే సంకేతం ఇస్తుంది. సేవ అందుబాటులో లేకపోతే 503 వంటి సంకేతం వస్తుంది, లేదా ఏ జవాబూ రాకుండానే సమయం మించిపోతుంది. ప్రతి జవాబునూ తేదీతో, గంటతో, నిమిషంతో సహా ఆ ప్రోగ్రాము చిట్టాలో రాసుకుంటుంది. వరసగా రెండు మూడు సార్లు జవాబు రాకపోతే బాధ్యుల ఫోనుకు సందేశం పంపుతుంది. ఇంతే. దీన్ని వాళ్లు ‘అప్‌టైమ్ మానిటరింగ్’ అంటారు. మన భాషలో చెప్పాలంటే తలుపు తెరిచి ఉందా లేదా అని నిద్రపోకుండా కనిపెట్టే కాపలా.

కాలాన్ని కనిపెట్టి ఉండే పని మనకు కొత్తదేమీ కాదు. డమాస్కస్‌లోని ఉమయ్యద్ జామె మసీదులో నమాజు వేళలను గణించడానికి ‘మువఖ్ఖిత్’ అనే పదవి ఉండేది. 14వ శతాబ్దపు గొప్ప ఖగోళ శాస్త్రజ్ఞుడు ఇబ్నె షాతిర్ ఆ పదవిలో పనిచేసినవాడే. ఇక రాతపూర్వక సాక్ష్యం విషయానికి వస్తే, గడువుతో కూడిన అప్పు లావాదేవీని రాసి పెట్టుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని, చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందవద్దని ఆదేశించే వాక్యమే దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన వాక్యం. అది బఖరా సూరాలోని 282వది. గడువు అన్న మాట వచ్చిన చోట రాత, సాక్షి ఉండాలన్నది మనకు మతం నేర్పిన మొదటి పాఠాల్లో ఒకటి. ఆరు నెలల గడువు ఎదురైనప్పుడు మనం మరిచినదీ అదే.

రికార్డు పోయిన చోటే ఐటీ నగరం

ఈ మాటను మరింత బాధతో చెప్పవలసి రావడానికి కారణం ఉంది. ఏ నేల మీద నిలబడి మన యువకులు ప్రపంచపు వెబ్‌సైట్లకు కాపలా కాస్తున్నారో, ఆ నేలలో కొంత భాగపు కథే రికార్డుల కథ. మణికొండలోని హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందినదని వక్ఫ్ బోర్డు వాదించిన 1,654 ఎకరాల 32 గుంటల భూమిని ప్రభుత్వం ఐటీ సంస్థలకు, నివాస సముదాయాలకు, విద్యాసంస్థలకు కేటాయించింది. లాంకో హిల్స్ ఆకాశహర్మ్యాల పేరు ఆ వివాదంతోనే మారుమోగింది. 2012లో హైకోర్టు వక్ఫ్ బోర్డు వైపు తీర్పు చెప్పింది. పదేళ్ల తర్వాత, 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి భూమి ప్రభుత్వానిదేనని తేల్చింది.

ఆ తీర్పులోని న్యాయపరమైన అంశాలు అనేకం. జాగీర్ల రద్దు, ఇనాముల స్వభావం, నిజాం కాలపు విచారణలు అన్నీ అందులో ఉన్నాయి. కానీ సామాన్య పాఠకుడు గ్రహించవలసిన అంశం ఒకటుంది. 1989 నాటి గెజిట్‌లో దర్గా ఉంది, ఈ విశాలమైన భూమి లేదు. దాన్ని చేరుస్తూ 2006లో సవరణ ప్రకటన వచ్చింది. సరైన విచారణ లేకుండా వెలువడిన ఆ సవరణ చెల్లదని న్యాయస్థానం అభిప్రాయపడింది. తీర్పుతో మనకు ఏకీభావం ఉన్నా లేకపోయినా, రాయవలసిన రోజున రాయని అక్షరానికి తరువాతి తరాలు ఎంత మూల్యం చెల్లిస్తాయో ఆ తీర్పు చెబుతుంది.

అప్పటిది కాగితం కాలం. ఆ కాగితాలకైనా భద్రత దొరికిందా అంటే అదీ లేదు. 2017 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం వక్ఫ్ బోర్డు రికార్డు గదికి తాళం వేసి సీలు చేసింది. అక్రమాల విచారణ కోసమే అన్నారు. ఆ గది ఏళ్ల తరబడి మూతపడి ఉండడంతో కోర్టుల్లో కేసులు వాదించుకోవడానికి సొంత దస్తావేజులు అందని దుస్థితిని బోర్డు ఎదుర్కొంది. ఒక్క తేడా గమనించండి. ఆ రోజు వేసిన తాళం అందరికీ కనిపించింది. ఎవరు వేశారో తెలిసింది, ఏ రోజు వేశారో తెలిసింది, శాసనసభలోనూ బయటా దాన్ని చూపి నిలదీయగలిగాము. పోర్టల్‌కు పడే తాళం అలా కనిపించదు. అది గంటసేపు పడుతుంది, మళ్లీ తెరుచుకుంటుంది. తెరుచుకున్న మరుక్షణం అది మూతపడిందనడానికి ఆనవాలే మిగలదు. ‘మీరు వచ్చినప్పుడు పనిచేయలేదేమో, ఇప్పుడు పనిచేస్తోంది కదా’ అన్న ఒక్క మాటతో ఆరు గంటల నిరీక్షణ అబద్ధమైపోతుంది.

చట్టం సాక్ష్యం అడుగుతున్నది

గడువు పొడిగించాలని అనేక సంస్థలు, వ్యక్తులు సుప్రీంకోర్టును కోరగా 2025 డిసెంబరు 1న న్యాయస్థానం అందుకు నిరాకరించింది. చట్టంలోనే మార్గం ఉంది, ట్రిబ్యునల్‌కు వెళ్లండి అన్నది. ఆ మార్గం ఏమిటి? సకాలంలో నమోదు చేయలేకపోవడానికి ‘తగిన కారణం’ ఉన్నదని ముతవల్లీ ట్రిబ్యునల్‌ను ఒప్పించగలిగితే మరో ఆరు నెలలకు మించకుండా గడువు పొడిగించవచ్చునని 3బి సెక్షన్ చెబుతుంది. మూడు నెలల పాటు జరిమానాలు, కఠిన చర్యలు ఉండవని కేంద్రమంత్రి కిరెన్ రిజిజు గడువు చివరి రోజున ప్రకటించారు, ట్రిబ్యునల్ మార్గాన్నే ఆయనా సూచించారు.

‘తగిన కారణం’ అన్న ఈ రెండు మాటల మీద ఇప్పుడు వేలాది మసీదుల, దర్గాల, ఖబ్రస్తాన్ల భవిష్యత్తు ఆధారపడింది. పోర్టల్ పనిచేయలేదు అన్నది తగిన కారణమే. కానీ దాన్ని రుజువు చేసేది ఏమిటి? ఫోనులో తీసిన ఒక ఫొటో ఆ క్షణాన్ని మాత్రమే చూపుతుంది. అది ఆ కంప్యూటర్ లోపమా, ఆ ఊరి ఇంటర్నెట్ లోపమా, పోర్టల్ లోపమా అన్న ప్రశ్నకు ఫొటో దగ్గర జవాబు ఉండదు. హైదరాబాదులో, కర్నూలులో, గుంటూరులో వేర్వేరు ఇంటర్నెట్ కనెక్షన్ల మీద నడిచిన మూడు యంత్రాలు ఒకే గంటలో ఒకే జవాబు రాలేదని రాసుకొని ఉంటే ఆ ప్రశ్నకు తావే ఉండదు. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డులను సాక్ష్యంగా స్వీకరించే పద్ధతిని వివరించింది. నిర్ణీత ధ్రువపత్రం జతచేయాలి, రికార్డు మార్పులకు గురికాలేదని చూపే హాష్ విలువను పేర్కొనాలి. ఇవి మన ఇంజినీర్లకు అయిదు నిమిషాల పని.

ఇంకొక పాత చట్టాన్ని కూడా గుర్తు చేయాలి. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలోని 10వ సెక్షన్ ప్రకారం, గడువు చివరి రోజున కోర్టు లేదా కార్యాలయం మూసి ఉంటే, అది తిరిగి తెరిచిన రోజున చేసిన పని సకాలంలో చేసినట్టే లెక్క. మూసిన తలుపు ముందు నిలబడినవాడిని శిక్షించకూడదన్న ఇంగితం నూట పాతికేళ్ల నాటి చట్టానికే ఉంది. పోర్టల్ తప్ప వేరే కార్యాలయం లేదని ప్రభుత్వమే ప్రకటించిన తర్వాత, పోర్టల్ ఆగిపోవడం కార్యాలయం మూసివేయడం ఎందుకు కాదు? ఈ ప్రశ్నను మన న్యాయవాదులు గట్టిగా అడగాలి. అయితే అడిగేవారి చేతిలో తేదీలు, గంటలు ఉండాలి.

ఒకరికి ఒక న్యాయం

సర్వర్లు గడువు రోజున కూలడం ముస్లింల కోసం ప్రత్యేకంగా పన్నిన కుట్ర అని మేము అనడం లేదు. అలా అనడం సులభం, చప్పట్లు కూడా వస్తాయి, కానీ అది నిజాయితీ కాదు. లక్షలమంది ఒకేసారి తలుపు తడితే ఏ తలుపైనా బీటలు వారుతుంది. తేడా వచ్చేది తలుపు కూలిన తర్వాత ఎవరు ఎలా స్పందించారన్న దగ్గర.

2021 జూన్ 7న కొత్త ఆదాయపు పన్ను పోర్టల్ ప్రారంభమయింది. మొదటి రోజు నుంచీ లోపాలే. ఆగస్టులో వరసగా రెండు రోజులు అందుబాటులో లేకపోతే, దాన్ని తయారుచేసిన ఇన్ఫోసిస్ అధిపతిని ఆర్థికశాఖ ఆగస్టు 23న పిలిపించి ఆర్థికమంత్రి స్వయంగా వివరణ అడిగారు. రిటర్నుల గడువును పొడిగించారు. పన్ను కట్టేవారి కష్టం దేశం కష్టమయింది. అది సరైన పనే. అదే కొలమానం వక్ఫ్ పోర్టల్‌కూ వర్తించాలని కోరడం అత్యాశ కాదు, సమానత్వం.

మన శంషాబాద్ విమానాశ్రయంలోనే జరిగిన మరో ఉదంతం చూడండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ సంస్థ సాఫ్ట్‌వేర్ లోపం వల్ల ప్రపంచవ్యాప్తంగా కంప్యూటర్లు స్తంభించాయి. ఆ రోజు హైదరాబాదు నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా చూసింది. కంప్యూటరు ఆగిపోయింది కాబట్టి నీ టికెట్టు చెల్లదని విమాన సంస్థ అనలేదు. కలం తీసి రాసింది, విమానం ఎక్కించింది. యంత్రం విఫలమైనప్పుడు భారం యంత్రం పెట్టినవాడు మోశాడు, ప్రయాణికుడి మీద వేయలేదు. ఒక వ్యాపార సంస్థ తన వినియోగదారుడికి ఇచ్చిన ఈ మాత్రపు గౌరవాన్ని ప్రభుత్వం తన పౌరుడికి ఇవ్వలేదా?

విషయం వక్ఫ్‌తో ఆగదు. మన పిల్లల ఉపకార వేతనాలకు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్, రాష్ట్రంలో ఈపాస్. ఆడపిల్లల పెళ్లికి 1,00,116 రూపాయల షాదీ ముబారక్ సాయానికి దరఖాస్తు ఈపాస్ ద్వారానే. విదేశీ విద్యకు మైనారిటీ విద్యార్థులకిచ్చే సాయమూ అంతే. హజ్ దరఖాస్తులు ఆన్‌లైన్‌లోనే. మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022లో కేంద్రం నిలిపివేసింది, 1 నుంచి 8 తరగతుల పిల్లలకు ప్రీమెట్రిక్ ఉపకార వేతనాలను అదే ఏడాది ఆపింది. అవి ప్రకటించి తీసేసినవి కాబట్టి వాటిపై ఉద్యమించగలిగాము. ఉన్న పథకం కాగితం మీద ఉండగానే, గడువు నాటి రాత్రి సర్వరు స్పందించక చేజారిన ఉపకార వేతనం గురించి ఏ శాసనసభలోనూ ప్రశ్న రాదు. ఎవరూ దాన్ని లెక్క పెట్టరు కాబట్టి అది జరగనట్టే లెక్క.

సగటు లెక్కల మాయ

ప్రభుత్వాలు తమ పోర్టళ్లు 99 శాతం సమయం పనిచేశాయని చెప్పుకోవచ్చు. వినడానికి గొప్పగా ఉంటుంది. ఆరు నెలల కాలంలో మిగిలిన ఆ ఒక్క శాతం ఎంతో లెక్క కడితే సుమారు 44 గంటలు. ఆ 44 గంటలు జులై అర్ధరాత్రుల్లో పడితే ఎవరికీ నష్టం లేదు. గడువు ముందరి చివరి నాలుగు రోజుల పగటి వేళల్లో పడితే ఒక తరం ఆస్తి నమోదు కాకుండా పోతుంది. శాతం రెండు సందర్భాల్లోనూ ఒకటే. అందుకే మనకు కావలసింది శాతం కాదు, నిమిషనిమిషపు చిట్టా.

తొలి పేజీ తెరుచుకున్నంత మాత్రాన పోర్టల్ పనిచేస్తున్నట్టు కూడా కాదు. పేజీ వస్తుంది, ఓటీపీ రాదు. ఓటీపీ వస్తుంది, దస్తావేజు ఎక్కదు. ఎక్కుతుంది, చివరి మీట నొక్కగానే మొదటికి వస్తుంది. యంత్రం బయటి నుంచి తలుపు తట్టగలదే కాని గదిలోపలి గడియలను చూడలేదు. కాబట్టి యంత్రపు చిట్టాకు తోడు మనుషుల చిట్టా కూడా ఉండాలి.

మనం చేయగలిగింది

మా సూచనలు ఇవి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో పనిచేస్తున్న ముస్లిం ఇంజినీర్లు పదిమంది కలిస్తే ఈ పని వారం రోజుల్లో మొదలవుతుంది. అప్‌టైమ్ కూమా వంటి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. వాటిని పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడపవచ్చు. మసీదు కమిటీ కార్యాలయంలో ఒక మూల, కరెంటు పోయినా ఆగని ఏర్పాటు, ఒక ఇంటర్నెట్ కనెక్షను చాలు. కనీసం మూడు ఊళ్లలో, మూడు వేర్వేరు కంపెనీల కనెక్షన్ల మీద పెట్టాలి. యంత్రాలు దేశంలోనే ఉండాలి. అనేక ప్రభుత్వ వెబ్‌సైట్లు విదేశాల నుంచి తెరుచుకోవు కాబట్టి అమెరికాలోని సర్వరు నుంచి కనిపెడితే తప్పుడు లెక్క వస్తుంది.

ఏం కనిపెట్టాలో జాబితా రాసుకోవాలి. వక్ఫ్ పోర్టల్, స్కాలర్‌షిప్ పోర్టళ్లు, హజ్ దరఖాస్తుల పోర్టల్, మైనారిటీ సంక్షేమ శాఖల వెబ్‌సైట్లు అందులో ఉండాలి. చిట్టాను ప్రతి నెలా హాష్ విలువతో సహా భద్రపరచి, ఒక ప్రతిని న్యాయవాది దగ్గర ఉంచాలి. గడువు రోజుల్లో ప్రతి సహాయ కేంద్రంలో ఒక రిజిస్టరు పెట్టి, ఏ గంటకు, ఏ మెట్టు దగ్గర ఆగింది, తెర మీద ఏం కనిపించింది అన్నది దరఖాస్తుదారుతో పాటు ఇద్దరు సాక్షుల సంతకాలతో రాయాలి. ఆపైన సమాచార హక్కు చట్టం కింద సర్వరు అంతరాయాల వివరాలు అడగాలి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు ఉంది. మన చిట్టా, వారి జవాబు పక్కపక్కన పెట్టినప్పుడు నిజం దానంతట అదే మాట్లాడుతుంది.

ఒక హెచ్చరిక చేయడం మా బాధ్యత. అయిదు నిమిషాలకు ఒకసారి తలుపు తట్టడం పౌరుడి పని. సెకనుకు వెయ్యిసార్లు బాదడం నేరం. సర్వరుకు భారం కలిగించి ఇతరులకు అందకుండా చేయడాన్ని 2000 నాటి ఐటీ చట్టంలోని 43వ సెక్షన్ నిషేధించింది. ఇతరుల లాగిన్ వాడకూడదు, లోపలికి చొరబడకూడదు, ఎవరి వ్యక్తిగత సమాచారాన్నీ సేకరించకూడదు. బహిరంగంగా అందరికీ కనిపించే పేజీ తెరుచుకుందా లేదా అన్నంత వరకే మన పని. అలాగే ఉద్యోగం చేసే సంస్థ కంప్యూటర్లను, కనెక్షన్లను ఇందుకు వాడవద్దు. హక్కుల కోసం చేసే పని హక్కుగా, శుభ్రంగా జరగాలి.

ఇంటి నుంచే మొదలుపెట్టాలన్న మాట కూడా మరువకూడదు. రమజాన్ మాసంలో జకాత్, సదఖా సేకరించే మన సంస్థల వెబ్‌సైట్లు ఎన్ని సరిగా పనిచేస్తున్నాయి? భద్రతా సర్టిఫికెట్ గడువు తీరిపోయి, పేజీ తెరవగానే ప్రమాద హెచ్చరిక చూపుతుంటే దాత వెనుదిరిగి పోతాడు. నెల గడిచినా నిర్వాహకులకు ఆ సంగతే తెలియదు. అదే కాపలా ప్రోగ్రాము సర్టిఫికెట్ గడువు దగ్గర పడుతోందని కొన్ని రోజుల ముందే చెప్పగలదు. అమానత్ అంటే డబ్బుకు లెక్క చెప్పడం మాత్రమే కాదు, ఇవ్వడానికి వచ్చినవాడికి తలుపు తెరిచి ఉంచడం కూడా.

ఈ సాక్ష్యం రెండంచుల కత్తి అని కూడా తెలిసి ఉండాలి. పోర్టల్ మూతపడిన గంటలను రాసే యంత్రం, అది చక్కగా పనిచేసిన వందల గంటలనూ రాస్తుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా మనం ఏం చేశామని ఆ చిట్టా మనల్ని కూడా అడుగుతుంది. చట్టం కోర్టులో ఉంది కదా, తీర్పు రానీ అని కూర్చున్న కమిటీలు ఉన్నాయి. సెప్టెంబరు 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో కొన్ని నిబంధనలను సుప్రీంకోర్టు నిలిపివేసినా, నమోదును నిలిపివేయలేదు. ఆ తర్వాత కూడా కదలని వారు ఉన్నారు. ఆ తప్పును సర్వరు మీదికి నెట్టలేము. నిజం కోసం పెట్టిన సాక్షి మనకు ఇష్టమైన నిజాన్నే చెప్పాలని కోరకూడదు. తల్లిదండ్రులకు, బంధువులకు, చివరికి తమకే వ్యతిరేకమైనా సరే న్యాయం పక్షాన సాక్ష్యం పలకాలని కదా మన ధర్మం బోధించేది.

ప్రభుత్వాల నుంచి మేము కోరేవి

కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను మేము కోరేది దయ కాదు, పద్ధతి. చట్టబద్ధమైన గడువు ఉన్న ప్రతి పోర్టల్‌కు, అది ఎప్పుడెప్పుడు ఆగిందో చూపే బహిరంగ పేజీ ఉండాలి. ఆగిన సమయం గడువుకు దానంతట అదే కలవాలి. దానికోసం ఎవరూ కోర్టు మెట్లు ఎక్కే అవసరం రాకూడదు. పోర్టల్ ఆగిన రోజున జిల్లా కార్యాలయంలో కాగితపు దరఖాస్తు తీసుకొని తేదీ వేసి రసీదు ఇవ్వాలి. సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ స్ఫూర్తితో అంతరాయాల వివరాలను అడగకముందే ప్రకటించాలి. ఈ నాలుగూ ముస్లింలకు మాత్రమే మేలు చేసేవి కావు. పింఛను కోసం తిరిగే ముసలమ్మకు, భూమి హక్కుల కోసం తిరిగే రైతుకు, ఉపకార వేతనం కోసం ఎదురుచూసే దళిత విద్యార్థికి కూడా ఇవే కావాలి. వారితో కలిసి అడిగినప్పుడే మన గొంతుకు బలం.

వక్ఫ్ అంటే ఆగిపోయిన ఆస్తి. అమ్మకానికి, కొనుగోలుకు, వారసత్వానికి అందకుండా అల్లాహ్ పేరిట నిలిచిపోయినది. దాన్ని ఇచ్చినవారు చనిపోయినా పుణ్యం ఆగదని మన విశ్వాసం. ఆ ధారను కాపాడే బాధ్యత ఒకనాడు ఖాజీ ముద్రకు, తర్వాత గెజిట్ కాగితానికి, ఇప్పుడు ఒక పోర్టల్‌కు చేరింది. ముద్ర చెరిగినప్పుడు మనం చూడలేదు. కాగితంలో భూమి లేనప్పుడు ఆలస్యంగా చూశాము. పోర్టల్ దగ్గరైనా మేల్కొని ఉందాం.

రాత్రంతా పరదేశపు బ్యాంకుల తలుపులకు కాపలా కాసి, ఫజ్ర్ వేళకు మాదాపూర్ నుంచి ఇంటికి బయలుదేరే యువకులారా! మీ విద్యలో రోజుకు 288 తట్లు మీ మొహల్లా మసీదు కోసం కేటాయించండి. మీ చిట్టాలోని ఒక్క వరుస, రేపు ఏదో ట్రిబ్యునల్‌లో ఒక ఖబ్రస్తాన్‌ను నిలబెట్టవచ్చు. అల్లాహ్ మన ప్రయత్నాలను స్వీకరించుగాక, ఆమీన్.